ఆ పేపర్ అసలు లేదురా!

మొన్న రాత్రి పదకొండున్నరకి అక్క ఫోన్. మా పెద్దమ్మ కూతురు. హైదరాబాద్‌లో వేరుశనగ తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆ టైంలో ఫోన్ మోగితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది కదా!

"ఒరేయ్, ఆ పేపర్ అసలు లేదురా!"

సంగతేంటంటే, థీసిస్‌లో ఒక చాప్టర్ రిఫరెన్సులు సర్దిపెట్టమని ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చింది. అది సర్దడంతో ఆగలేదు. ఇవి కూడా పనికొస్తాయంటూ ఇంకో మూడు చేర్చింది. రచయితల పేర్లు, జర్నల్, సంవత్సరం, పేజీ నంబర్లు... అన్నీ పక్కాగా ఉన్నాయి. గైడ్ చూసి, "ఈ పేపర్ ఆసక్తిగా ఉందమ్మా, నాకోసారి పంపు" అన్నారు. వెతికితే జర్నల్ ఉంది, రచయితలూ ఉన్నారు. పేపర్ మాత్రం లేదు. మిగతా రెండూ అంతే!

"చెక్ చేసుకోవాలి కదా" అని మీరు అనుకుంటున్నారు. నేనూ అదే అన్నా. అక్క గొంతు కాస్త వణికింది. "ఐదేళ్ల కష్టంరా. పొలాల్లో ఎండలో తిరిగి తెచ్చిన డేటా. ఈ మూడు లైన్ల వల్ల అదంతా దొంగదేమో అంటారు. చెక్ చేసుకోవాలని నాకెవరు నేర్పారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

పీహెచ్‌డీ వాళ్లకి పరిశోధన, ప్రచురణ నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సుని యూజీసీ 2019 డిసెంబర్‌లో తెచ్చింది. మంచి పనే. కాపీ కొట్టడం, డబ్బులకి అచ్చేసే జర్నళ్లు, డేటాబేసులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబర్ 30న. అంటే ఆ సిలబస్ రాసేనాటికి అక్క సమస్య ఇంకా పుట్టనే లేదు. అక్కకి క్లాసులో చూపించినవి ఆ పాత స్లైడ్లే.

ఇదేదో ఏఐతో మొదలైన గొడవ అనుకోకండి. ఎక్సెల్ కథ వింటే మీకు నవ్వూ, భయం రెండూ వస్తాయి.

మనిషి జన్యువుల్లో కొన్నిటికి సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లుండేవి. వాటిని ఎక్సెల్‌లో కొడితే ఏమవుతుంది? అది తేదీ అనుకుంటుంది. సెప్ట్2 కాస్తా సెప్టెంబర్ 2 అయిపోతుంది. అడగదు, చెప్పదు. వేల వరుసల షీటులో ఎవరు గమనిస్తారు? ఈ తంటా గురించి 2004లోనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. అయినా 2016లో కొందరు కూర్చుని లెక్క తీస్తే, ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదింట ఒకదానిలో ఈ తప్పులు దొరికాయి. పేరున్న జర్నళ్లలోనే!

చివరికి ఏం చేశారో తెలుసా? జన్యువుల పేర్లే మార్చేశారు. మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో కొత్త నియమాలు పెట్టింది. సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. ఆ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపుకునే బటన్ ఎక్సెల్‌లో వచ్చింది 2023లో. హెచ్చరిక నుంచి బటన్ దాకా 19 ఏళ్లు.

ఎక్సెల్ అంటే నిదానంగా మారే సరుకు. దాన్ని అర్థం చేసుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. మరి ఆర్నెల్లకో అవతారం ఎత్తే ఏఐ సంగతి?

దీనికి ఒక మంచి దారి చాలాకాలం కిందటే దొరికింది. 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా కలిసి సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అని పాఠాలు మొదలుపెట్టారు. పేరులోనే ఉంది, వడ్రంగం. ఆకాశహర్మ్యాలు కట్టక్కర్లేదు, మన బల్ల మనం సరిగ్గా చేసుకుంటే చాలు. తర్వాత ఇది చాలా దేశాలకి పాకింది. సాధారణంగా రెండు రోజుల వర్క్‌షాప్. నేర్పేవాళ్లలో ఎక్కువమంది పరిశోధకులే, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. నాకు బాగా నచ్చింది ఒకటుంది. అర్థం కానివాళ్లు చెయ్యెత్తక్కర్లేదు. లాప్‌టాప్ మీద ఒక రంగు కాగితం అంటిస్తే చాలు, సాయం చేసేవాళ్లు పక్కకి వచ్చేస్తారు. నలుగురిలో అడగడానికి సిగ్గుపడే మనలాంటి వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

మన ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 జనవరి నుంచి 6,300కి పైగా సంస్థలకి దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి తెచ్చింది. మూడేళ్లకి 6,000 కోట్లు. సంతోషం. కానీ లైబ్రరీ తాళంచెవి ఇచ్చినంత మాత్రాన చదవడం వచ్చేయదు. వాడకం నేర్పడానికి కూడా టైమూ, డబ్బూ, మనుషులూ కావాలి. స్కాలర్లకే కాదు, గైడ్లకీ నేర్పాలి.

ఇంతకీ అక్క ఏం చేసిందంటారా? మర్నాడు పొద్దున్నే గైడ్ దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన తిట్టలేదు. కాసేపు ఊరుకుని, "నేను కూడా వాడుతున్నానమ్మా, నాకూ ఎవరూ చెప్పలేదు" అన్నారట.

ఆ శనివారం నుంచి వాళ్ల ల్యాబ్‌లో వారానికో గంట క్లాసు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తారు. ఇప్పటికి మూడు నియమాలు రాసి గోడకి అంటించారు. ప్రతి రిఫరెన్సూ తెరిచి చదివాకే రాయాలి. ఒరిజినల్ డేటా ఫైల్ ముట్టుకోకూడదు, పని అంతా కాపీలోనే. ఏ టూల్, ఏ రోజు, దేనికి వాడామో నోట్ చేయాలి.

మొదటి క్లాసు చెప్పింది అక్కే. ముందు బెంచీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నది గైడ్ సార్!