మేకపిల్లకు దక్కిన ముర్రుపాలు

నిజామాబాద్ జిల్లా నవీపేట్‌లో శనివారం మేకల సంత. అక్కడికి జీవాలను తోలుకొచ్చే గొల్లకురుమల్లో ఎవరినైనా అడగండి, ఈనిన మేక మొదటి పాలు పారబోస్తారా అని. పిల్ల ఒంటి తడి ఆరకముందే పొదుగుకు అందిస్తామని, ముర్రుపాలు పడని పిల్ల నిలవడం కష్టమని చెబుతారు. బర్రె ఈనితే ఆ పాలతో జున్ను వండి వాడకట్టంతా పంచుకుంటాం. అదే వాడకట్టులో మనిషి బిడ్డ పుడితే మాత్రం ‘మొదటి పాలు మంచియి కావు, చీము లెక్క పచ్చగున్నయి, పిండి పారబొయ్యి’ అనే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. బిడ్డ నాలుక మీద తేనె రాస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు, ఆముదం చుక్క వేస్తారు. జీవాల దగ్గర కళ్లతో చూసి నేర్చుకున్న తెలివి సొంత బిడ్డ దగ్గర ఎందుకు పనికి రాకుండా పోతున్నది?

మేకపిల్లకూ మన బిడ్డకూ ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. మేక మావి గుండా రోగనిరోధక పదార్థాలు పిల్లకు చేరవు. ఆ రక్షణంతా ముర్రుపాల నుంచే రావాలి. మనిషి బిడ్డకు కొంత రక్షణ కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి అందుతుంది. కానీ పేగులకు, గొంతుకు కాపలా కాసే ఇమ్యునోగ్లోబ్యులిన్-ఏ దండిగా దొరికేది ముర్రుపాలలోనే. ఆ పసుపు రంగు చీము కాదు, విటమిన్ ఏ అయ్యే కెరోటిన్లది. తక్కువగా వస్తున్నాయని బెంగపడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి: మొదటి రోజు బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేదే ఒకటి రెండు చెంచాలు. తేనె అమృతమని నమ్మేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టవద్దని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. అందులో ఉండగల బోటులిజం క్రిమి బీజాలు పసిపేగుల్లో మొలిచి, నరాలను చచ్చుబడేసే విషాన్ని పుట్టించగలవు.

ఈ పొరపాటును మన ముసలమ్మల నెత్తిన మాత్రమే రుద్దడం అన్యాయం. తల్లికి మూడో రోజో నాలుగో రోజో పాలు పడతాయని, అందాకా బిడ్డకు తేనె, నెయ్యి నాకించాలని సుశ్రుత సంహితే చెప్పింది. రోమ్‌లో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు సొరేనస్ క్రీ.శ. 2వ శతాబ్దంలో చెప్పినదీ దాదాపు అదే. ఐరోపా వైద్యులు శతాబ్దాల పాటు ఆ మాటనే మోశారు. 18వ శతాబ్దంలో ప్రసూతి ఆసుపత్రుల్లో తల్లులను, పిల్లలను దగ్గర నుంచి చూశాక మార్చుకున్నారు. గ్రంథంలో ఉన్నదాన్ని కంటి ముందు కనిపించేదానితో సరిచూడటమే వాళ్లు చేసిన పని.

ఇప్పుడు పురుళ్లు దాదాపుగా ఇళ్లలో జరగడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది సుమారు 37 శాతం పిల్లలకే. అంటే మంత్రసానిని, అత్తను తిట్టి చేతులు దులుపుకోవడానికి లేదు. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. అందులో కొన్ని పంతులు పెట్టిన ముహూర్తానికి కోసినవి. బాగా చదువుకున్న కుటుంబాలే తిథి, నక్షత్రం చూసి కోత కోయించుకుంటున్నాయి. దానికి ఒప్పుకునే డాక్టర్లూ ఉన్నారు. గ్రహాల కోసం గడియారం పట్టుకుని కూర్చున్న వాళ్లకు, బిడ్డకు పాలందాల్సిన మొదటి గంట మాత్రం లెక్కలోకి రాదు. ఆపరేషన్ అయినా తల్లికి తెలివి ఉంటే బిడ్డను రొమ్ముకు అందించవచ్చు. పక్కన నిలబడి సాయం చేసే మనిషి కావాలి, అంతే.

తర్వాత వచ్చేది దిష్టి. ‘పాలు సాలుతలేవు, ఎవలదో కన్ను వడ్డది’ అంటారు. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. ఎండలో పని చేసి వస్తే పాలు వేడెక్కుతాయని, అవి పట్టవద్దని ఆపుతారు. శరీరంలోని పాలు శరీరపు వేడి మీదే ఉంటాయి; ఎండకు కాగవు. పాలు పడే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది: బిడ్డ ఎంత తాగితే అంత ఊరుతాయి. చప్పరించినప్పుడు ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ పాలు చేపిస్తుంది. రొమ్ము ఖాళీ కాకపోతే తయారీ తగ్గుతుంది. బెదురు, ఒళ్లలసట, నొప్పి పాలు చేపడాన్ని ఆపుతాయి. కాబట్టి పాలు తగ్గిన తల్లిని అడగాల్సింది ఎవరు చూశారని కాదు, రోజులో ఎన్నిసార్లు బిడ్డను ఒళ్లోకి తీసుకోగలిగిందని.

ఆ ప్రశ్న వేస్తే మన జిల్లాలో నేరుగా బీడీ చాట దగ్గరకు చేరుకుంటాం. నిజామాబాద్ జిల్లా ఊళ్లలో బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లు లెక్కకు మిక్కిలి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్క. బిడ్డ ఏడిస్తే చాట దించాలి, చేతులు కడగాలి, అరగంట పోతుంది. ఆ అరగంట కూలి కూడా పోతుంది. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళ దాటితే మరో నష్టం. అందుకని బిడ్డకు డబ్బా పాలో, నీళ్లు కలిపిన ప్యాకెట్ పాలో సీసాలో పోస్తారు. బిడ్డ చప్పరించడం తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. దిష్టి అనే మాట ఇక్కడ చేసే పని ఏమిటో చూడండి: కూలి రేటునూ, కార్ఖానానూ, చాట కింద పెట్టనివ్వని ఇంటి అప్పునూ పక్కకు తప్పించి, తప్పంతా పక్కింటావిడ కళ్ల మీదికో, పథ్యం తప్పిన బాలింత మీదికో నెడుతుంది. నేను మూఢనమ్మకాన్ని ద్వేషించేది అందుకే.

పథ్యం పేరిట జరిగేది ఇంకా ఘోరం. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి. మన దగ్గర కూరగాయలు బంద్, నీళ్లు కొలత, గుడ్డు తింటే బిడ్డకు అరగదట. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. సర్కారు పెట్టే గుడ్డును ఆచారం లాక్కుంటున్నది.

‘ఇంట్లనే ఉంటది గదా, దానికేం సెలవు’ అనేది నాకు అన్నిటికంటే పెద్ద మూఢనమ్మకంగా కనిపిస్తుంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టే మహిళకూ ప్రసూతి ప్రయోజనాల చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ 1961 చట్టంలో బిడ్డకు 15 నెలలు నిండేదాకా పనివేళల్లో రోజుకు రెండు పాల విరామాలు పెట్టారు. 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు సెలవును 26 వారాలు చేసింది. 50 మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు ఇచ్చింది. హైదరాబాద్ ఐటీ ఆఫీసులో ఇది గది రూపంలో కనిపిస్తుంది. నవీపేట్ ఇంటి అరుగు మీద ఏ రూపంలో కనిపించాలి? లెక్కన కట్టే కూలికి విరామం ఇవ్వడమంటే ఆ గంటల కూలి కట్టివ్వడమే. బీడీ కార్మికులకు భృతి ఇస్తున్న రాష్ట్రం వాళ్లు కార్మికులని ఒప్పుకున్నట్టే. ఇక వాళ్ల పాల విరామానికి కూలి లెక్క కట్టడానికి అడ్డమేమిటి?

బీడీలు చుట్టే తల్లులకు ఒక్క జాగ్రత్త చెప్పి తీరాలి. నికోటిన్ తల్లిపాలలోకి చేరుతుంది. తంబాకు ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కుని, పైబట్ట మార్చుకుని బిడ్డను ఎత్తుకోండి. తంబాకు దుమ్ము ఉన్న గదిలో తొట్లె కట్టకండి. పాలు మాత్రం మానకండి. సీసా పాలతో వచ్చే విరేచనాలు అంతకంటే ప్రమాదం.

ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు తవ్వే రోజుల్లో కొమ్ములు ఏరే కూలీలూ ఎక్కువగా ఆడవాళ్లే. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లో మొదలైంది. ధర, ఎగుమతి, రకాల గురించి మాట్లాడుతున్న ఆ బోర్డు పసుపు కళ్లాల దగ్గర, మార్కెట్ యార్డులో పసిపిల్లల తల్లులకు నీడ, నీళ్లు, ఒక మూల గది కూడా తన పనిగా పెట్టుకోవాలి. ఉపాధి హామీ చట్టం 2005లోనే ఒక దారి చూపింది: పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక కూలి మనిషిని పెట్టి ఆమెకు కూలి కట్టాలని. పసుపు చేనుకూ ఆ పద్ధతే సరిపోతుంది.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఆశ కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, బీడీ యూనియన్ల నాయకులు కలిసి వాటిని బీడీ కార్ఖానా ముందు జరపండి. అత్తలను, మగవాళ్లను కూర్చోబెట్టండి. ముర్రుపాల సంగతి చెప్పండి, ఆ వెంటనే పాల విరామానికి కూలి ఎంతో యజమానిని అడగండి.