ఏరు దాటాక బోడి మల్లయ్యేనా?

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య... దాటాక బోడి మల్లయ్య!’

ఈ సామెత తెలియని తెలుగిల్లు ఉండదు. పని అయ్యాక మొహం చాటేసేవాళ్లను దెప్పడానికి వాడుకుంటాం కానీ, అందులోని మల్లయ్య గురించి ఎవరూ పట్టించుకోరు. కృష్ణ ఒడ్డున మాత్రం అతను సామెతలో మనిషి కాదు. రేవులో తెడ్డు పట్టుకుని, అవతలి ఒడ్డుకు చేర్చడానికి జనం కోసం ఎదురుచూసిన మనిషి.

పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మ్యాపు చూస్తే ఓ సంగతి తెలుస్తుంది. తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే కృష్ణమ్మ చాలా దూరం ఈ జిల్లాలకు దక్షిణపు గట్టులా సాగుతుంది. అటు రాయచూరు, కర్నూలు, గుంటూరు సీమలు. పెళ్లి సంబంధాలు, సంతలు, జాతరలు, మొక్కులు మాత్రం ఏనాడూ గట్టు దగ్గర ఆగలేదు. వంతెన లేని కాలంలో ఈ బంధాలన్నీ నడిచింది పుట్టి మీద, పడవ మీద, బల్లకట్టు మీదే.

గుండ్రటి పడవ... తిరుగుతూ ప్రయాణం

పుట్టి అంటే నీళ్ల మీద తేలే పెద్ద వెదురు బుట్ట. కొన్నిచోట్ల అరిగోలు అంటారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు కుట్టేవారు. తర్వాతి రోజుల్లో తోలు పోయి తారు పూసిన టార్పాలిన్లు, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్టులూ కనిపిస్తున్నాయి.

దానికి ముందూ వెనకా ఉండదు. అందుకే తెడ్డు వేసే మనిషి అంచున కూర్చుని నీటిని తనవైపు లాక్కుంటాడు. కాస్త అటు, కాస్త ఇటు తెడ్డు తిప్పకపోతే పుట్టి ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. చూడటానికి ఆటబొమ్మలా ఉన్నా, రాళ్లూ గుండ్లూ నిండిన ఎగువ కృష్ణకు ఇంతకన్నా తగిన వాహనం లేదు. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి జానెడు నీళ్లున్నా తేలుతుంది. బండరాయికి తగిలినా పక్కకు జారిపోతుంది. అవతలి ఒడ్డు చేరాక నెత్తిన బోర్లించుకుని నడిచిపోవచ్చు!

విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌కు ఈ పడవలు భలే వింతగా తోచాయి. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద పదిహేను ఇరవై మందిని ఎక్కించుకుని ఇవి తిరుగుతూ తిరుగుతూ నది దాటుతాయనీ, ఈ రాజ్యంలో ఏటి మీద ఎక్కడైనా ఇవే పడవలనీ రాసుకున్నాడు. ఆ తుంగభద్రే అలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా ఎద్దుతోలు కప్పిన బుట్ట పడవల గురించి రాశాడు. బండిని దాటించాలంటే రెండు పడవల మధ్య కట్టేవారట. గుర్రాలు మాత్రం ఈదాల్సిందే! 1803లో మరాఠాలతో యుద్ధానికి దిగిన ఆర్థర్ వెల్లెస్లీ తన సైన్యం వానాకాలపు నదులు దాటడానికి ఇలాంటి బుట్ట పడవలనే తయారు చేయించాడు. పన్నెండేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఆయనే.

రేవు పెట్టిన పేరు

రేవులు ఊళ్లకు పేర్లు కూడా పెట్టాయి. అలంపురం గుళ్లకు రాళ్లు మోసుకెళ్లే బండ్లు తుంగభద్ర దాటేముందు ఒడ్డున ఆగేవట. బండివాళ్లు చక్రాలకు కందెన రాసుకున్న ఆ మజిలీయే కందెనవోలు అయిందని, అదే నేటి కర్నూలు అని పెద్దలు చెబుతారు.

అంతకన్నా పాత రేవు నల్గొండ జిల్లా అంచున ఉండేది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణ ఒడ్డునే వెలసింది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి సాగిన తవ్వకాల్లో నదిలోకి దిగే రాతి మెట్ల ఘాటు బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీరు నిండితే లోయ మునిగిపోతుంది కాబట్టి కొన్ని కట్టడాలను కొండ మీదకూ, అనుపుకూ తరలించారు. కొండ దీవిగా మారింది. ఒకప్పుడు కాలినడకన వెళ్లిన చోటికి ఇప్పుడు లాంచీలో వెళ్లాలి. ప్రాజెక్టు ఒక రేవును ముంచి, ఇంకో రేవును తెచ్చిందన్నమాట!

నది మధ్యలో సరిహద్దు

బ్రిటిష్ పాలన రోజుల్లో కృష్ణ ఈవలి ఒడ్డు నిజాముది, కర్నూలు, గుంటూరు వైపు ఒడ్డు బ్రిటిష్ వారిది. మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలు, రేవుల కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. నిజాం వైపు సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. పడవ ఎక్కడమంటే ఒక ప్రభుత్వం నుంచి మరో ప్రభుత్వంలోకి పోవడమే. 1948 సెప్టెంబరులో ఆ గీత చెరిగిపోయింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు మళ్లీ అదే నది చాలా దూరం సరిహద్దయింది.

రైలు మాత్రం ముందే నది దాటింది. బొంబాయి, మద్రాసు వైపు నుంచి వచ్చిన రెండు రైలు మార్గాలు 1871లో రాయచూరులో కలిశాయి. మహబూబ్‌నగర్ వైపు ఒడ్డున ఉన్న స్టేషన్ పేరు కూడా ‘కృష్ణా’యే. రోడ్డు వంతెనకు మరో డెబ్బై ఏళ్లు పట్టింది. దేవసూగూరు దగ్గర నిజాం కాలంలో కట్టిన ‘సిరాతే జూదీ’ వంతెన 1943లో పూర్తయింది. తర్వాత బీచుపల్లి, వాడపల్లి వంటి చోట్ల వంతెనలు నిలబడ్డాయి. మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి పల్నాడు నుంచి పడవ మీద వచ్చే భక్తులకూ చివరికి వంతెన దొరికింది. వంతెన వచ్చిన ప్రతిచోటా మల్లయ్య బోడి మల్లయ్య అయ్యాడు.

అక్కడ గాలి మీద తేలితే...

ఇది మన దగ్గరి కథే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఇంగ్లిష్ చానల్ ఉంది. డోవర్ నుంచి కలే దాకా పట్టుమని నలభై కిలోమీటర్లు ఉండదు. మామూలు ఓడలో గంటన్నర ప్రయాణం. దీన్ని తగ్గించాలని క్రిస్టోఫర్ కాకరెల్ అనే ఇంజినీరు గాలి దిండు మీద తేలే వాహనం ఆలోచించాడు. తొలి ప్రయోగానికి ఆయన వాడిన సరంజామా ఒక కాఫీ డబ్బా, దానిలో పట్టే పిల్లి మేత డబ్బా, గాలి కొట్టే యంత్రం! రెండు డబ్బాల మధ్య సందులోంచి గాలిని కిందికి కొడితే బరువును పైకి లేపే బలం పెరుగుతుందని తేల్చాడు. అదే హోవర్‌క్రాఫ్ట్. 1959 జులై 25న అది చానల్ దాటింది.

1968 నుంచి పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు జనాన్నీ కార్లనూ ఎక్కించుకుని 35 నిమిషాల్లో చానల్ దాటించాయి. 1995లో ఒకటి 22 నిమిషాల్లోనే దాటి రికార్డు కొట్టింది. నీటిని తాకకుండా, ఉరుముకుంటూ పోయే ఆ వాహనాన్ని చూడటానికే జనం ఒడ్డుకు వచ్చేవారు. కానీ దాని ఆకలి పెద్దది. ఇంధనం విపరీతంగా తాగేది. అలలు లేస్తే నడిచేది కాదు. 1994లో సముద్రం కింద సొరంగంలో రైలు మొదలైంది. 2000 అక్టోబరు 1న చివరి హోవర్‌క్రాఫ్ట్ చానల్ దాటి ఆగిపోయింది.

ఇక్కడే ఒక చమత్కారం ఉంది. అన్నిటికన్నా వేగంగా పోయేది మూలపడింది. లారీలను కడుపులో పెట్టుకుని నింపాదిగా సాగే మామూలు ఓడలు మాత్రం నేటికీ డోవర్ నుంచి తిరుగుతున్నాయి. ఇంగ్లండులోనే సౌత్‌సీ నుంచి వైట్ దీవిలోని రైడ్ పట్నానికి 1965లో మొదలైన చిన్న హోవర్‌క్రాఫ్ట్ సర్వీసు కూడా నడుస్తోంది. అక్కడ వంతెనా లేదు, సొరంగమూ లేదు. గొప్పదా, వేగమైనదా అని కాదు... జనానికి ఇంకా దేని అవసరం ఉందో అదే మిగిలింది.

కృష్ణ మీదా అంతే. తావెర్నియే చూసిన జోడు పడవల కిటుకే బల్లకట్టులోనూ ఉంది. పడవల మీద బల్లలు పరిచి కడితే లారీ అయినా ఎక్కుతుంది. పాత గుంటూరు జిల్లా మాదిపాడు, పాత కృష్ణా జిల్లా ముక్త్యాల మధ్య వంటి రేవుల్లో ఏటేటా వేలం పాడి ఇలాంటి బల్లకట్లు నడిపారు. పుట్టి జాలరి చేతిలో చేపల వేటకు మిగిలింది. లాంచీ పర్యాటకులకు విహారమైంది. సాగర్ నుంచి, సోమశిల నుంచి శ్రీశైలానికి నల్లమల కొండల నడుమ సాగే ప్రయాణం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

సోమశిల దగ్గర చిక్కుముడి

కానీ కొందరికి పడవ విహారం కాదు... బతుకు. శ్రీశైలం జలాశయం నిండాక కొల్లాపూర్ ప్రాంతపు నది సాగరమంత అయింది. సుమారు వంద ఊళ్లు మునిగాయి. సోమశిల గుళ్లను ఒడ్డుకు తరలించి మళ్లీ కట్టారు. ఎదురుగా కనిపించే సిద్ధేశ్వరం, సంగమేశ్వరం వైపు రోడ్డు మీద వెళ్లాలంటే కర్నూలు మీదుగా పెద్ద చుట్టు. పడవెక్కితే అవతలే. అందుకే గాలి వీచినా, జనం నిండినా ఎక్కేవారు.

2007 జనవరి 18. సంక్రాంతి వెళ్లిన మూడు నాలుగు రోజులకు... సింగోటం నరసింహస్వామి జాతర రోజులు. కర్నూలు జిల్లా నెహ్రూనగర్‌కూ, మహబూబ్‌నగర్ జిల్లా మంచాలకట్టకూ మధ్య పడవ మునిగింది. 61 మంది ప్రాణాలు పోయాయి. తెలుగులో ‘పుట్టి మునిగింది’ అనే మాటను చిన్న నష్టానికీ వాడేస్తాం. ఆ రోజు ఆ ఊళ్లలో ఆ మాటకు అసలు అర్థం తెలిసింది.

అది ఆఖరిదీ కాలేదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టులో మక్తల్ మండలం పంచదేవ్‌పహాడ్ దగ్గర నిండుగా పారుతున్న కృష్ణలో పుట్టి మునిగి కొందరు మహిళలు గల్లంతయ్యారు.

కారణాలు వెతికితే కొత్తవేమీ కనిపించవు. పరిమితికి మించి ఎక్కితే పడవ అంచుకూ నీటికీ మధ్య ఎడం బెత్తెడే మిగులుతుంది. చిన్న అల చాలు, నీరు లోపలికి వస్తుంది. భయంతో జనం లేచి నిలబడితే బరువు పైకి పోతుంది. అందరూ ఒకే పక్కకు జరిగితే పడవ ఒరిగిపోతుంది. లైఫ్ జాకెట్ ఉంటే మనిషి తేలుతాడు. అది మూటగట్టి మూలన ఉంటే ఎవరికీ అక్కరకు రాదు.

పెద్ద దేశాల్లోనూ నిర్లక్ష్యం ఇలాగే ముంచింది. 1987 మార్చి 6న బెల్జియం రేవు నుంచి బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపులు మూయడం మరిచిపోయారు. నిమిషాల్లో ఒరిగిపోయి 193 మంది మరణించారు. విచారణలో తలుపు మూయాల్సిన ఒక్కడితో సరిపెట్టలేదు. కంపెనీ యాజమాన్యం నిర్వాకాన్నీ తప్పుపట్టారు. ఆ తర్వాత ఓడల భద్రతకు ప్రపంచమంతటా కొత్త నియమాలు వచ్చాయి. మన దేశంలోనూ 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. చట్టం ఢిల్లీ నుంచి వస్తుంది. అది రేవు మెట్టు దాకా దిగి వచ్చిందా లేదా అన్నది పడవ ఎక్కేవాళ్లకే తెలుస్తుంది.

మంచాలకట్ట దుర్ఘటన తర్వాత సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కోసం డిమాండు బలపడింది. 2022 అక్టోబరులో కేంద్రం సుమారు 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. హైదరాబాద్, తిరుపతి మధ్య దాదాపు 80 కిలోమీటర్ల దూరం తగ్గుతుందని అంచనా. 61 మంది పోయిన నాటి నుంచి ఆ ప్రకటన దాకా పదిహేనేళ్లు గడిచాయి.

వంతెన కావాల్సిందే. జాతరకు పోయే తల్లి పిల్లాణ్ని చంకనెత్తుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోనక్కర్లేదు. అయితే వంతెన పడినా కొన్ని రేవులు ఉంటాయి. చేపల పుట్టులుంటాయి, పర్యాటకుల లాంచీలుంటాయి. ఒక్క పడవకు ఎంతమంది అన్నది రేవులో పెద్దక్షరాలతో రాసి పెట్టడం, అంతకు మించితే పడవ కదలకపోవడం, ఎక్కిన ప్రతివాళ్లూ జాకెట్ తొడుక్కోవడం... వీటికి కోట్లు అక్కర్లేదు.

‘ఇంక ఎక్కించను, వచ్చే పడవకు రండి’ అని ఏ మల్లయ్య అయినా చెయ్యి అడ్డం పెడితే అతని మీద విసుక్కోకండి. ఆ పూట మీ ఇంటి మేలు కోరుతున్నది అతనే!