నల్లబడేదంతా ఇనుము కాదు



రోగిని చూడవచ్చే బంధువులు యాపిల్ పండ్లు తేవడం మనకు అలవాటు. కోసిన ముక్క కాసేపటికి గోధుమరంగుకు తిరగగానే "చూశావా, ఎంత ఇనుముందో! తింటే రక్తం పడుతుంది" అంటారు. మరికొందరు "పాడైపోయింది" అని పారవేస్తారు. రెండూ పొరపాటే. మొదటిది గర్భిణీ స్త్రీలకు ప్రమాదం కూడా.

అసలు జరిగేది ఇది. పండు కణాల్లో ఫినాల్స్ అనే పదార్థాలు ఒక అరలో, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరో అరలో ఉంటాయి. కత్తి పడగానే అరలు తెగి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై ఫినాల్స్ క్వినోన్లుగా మారతాయి. అవి ఒకదానికొకటి అతుక్కొని గోధుమరంగు వస్తుంది. ఆ ఎంజైములో ఉండే లోహం రాగి, ఇనుము కాదు. వంకాయ, అరటికాయ ముక్కలు నల్లబడేది కూడా ఇలాగే. అందుకే మన తల్లులు వాటిని ఉప్పునీళ్లలో వేస్తారు. నిమ్మరసం పిండినా రంగు మారడం తగ్గుతుంది.

కనుక అప్పుడే కోసిన ముక్క రంగు మారితే నిరభ్యంతరంగా తినవచ్చు. ఈగలు వాలినది, గంటల తరబడి బయట ఉన్నది మాత్రం వద్దు.

ఇక రక్తం సంగతి. 100 గ్రాముల యాపిల్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. యాపిల్ తింటున్నాం కదా అని మాత్రలు మానేస్తే రక్తహీనత ముదురుతుంది. నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గవచ్చు. కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోలేదు. మాత్రల వల్ల మలం నల్లబడితే భయపడవద్దు. ఆ నలుపు మాత్రం నిజంగా ఇనుముదే!

మరో మాట. పచ్చి తేయాకు నల్లటి టీ పొడి అయ్యేది కూడా ఈ ఎంజైము వల్లనే. టీలోని ఫినాల్ పదార్థాలు ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వవు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

నా అభిప్రాయం ఒక్కటే. ఈసారి రోగిని చూడబోయేటప్పుడు ఖరీదైన యాపిల్‌కు బదులు మన పాత నల్లగొండ జిల్లా తోటల్లో పండే బత్తాయిలు కొనండి. బత్తాయిలోనూ ఇనుము పెద్దగా లేదు గాని, దానిలోని విటమిన్ సి మాత్రలోని, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మిగిలిన డబ్బుతో గుడ్లు, పప్పు, తోటకూర తీసుకెళ్లండి.

మనిషిని పైరూపం చూసి అంచనా వేయకూడదని ఆలయంలో వింటూనే ఉన్నాం. పండు విషయంలోనూ అదే పాటిద్దాం. మీ ఇంట గర్భిణి ఉంటే, ఈ రాత్రి మాత్ర వేసుకుందో లేదో ఒక్కసారి అడగండి.