ర్యాంకు చెప్పారు... బిడ్డ ఎంత ఎదిగిందో చెప్పలేదు

ఆదివారం పొద్దున తొమ్మిది దాటిందంటే ఎల్.బి.నగర్ చౌరస్తాలో టిఫిన్ క్యారియర్లు కనిపిస్తాయి. సాగర్ రోడ్డు మీదుగా యాచారం, ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చే బస్సులు, విజయవాడ రహదారి మీదుగా చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి వచ్చే బస్సులు జనాన్ని అక్కడే దింపుతాయి. దిగేవారిలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి సందుల్లోని హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదువుతున్న పిల్లలను చూసిపోవటానికి వచ్చే తల్లిదండ్రులు. తల్లి చేతిలో సకినాల డబ్బా, పచ్చడి సీసా. తండ్రి జేబులో ఫీజు రసీదు. గేటు దగ్గర బిడ్డ కనిపించగానే తల్లి "తిన్నవా బిడ్డా" అంటుంది. తండ్రి "ఈ వారం ఎన్నో ర్యాంకు" అంటాడు.

ఆ తండ్రిది తప్పు కాదు. కళాశాల ఆయన ఫోనుకు పంపేది అదొక్కటే. ప్రతివారం పరీక్ష జరుగుతుంది, మర్నాటికి సందేశం వస్తుంది. పేరు, మార్కులు, ర్యాంకు. మూడు వందల నలభై ఏడు అని వస్తే ఆ పూట అన్నం సహించదు. రెండు వందల తొంభై అని వస్తే పక్కింటివారికి కూడా ఫోను చూపిస్తారు. ఆ రెండు వారాల మధ్య పిల్లకు కొత్తగా ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నది మాత్రం ఆ సందేశంలో ఉండదు.

ర్యాంకు అనేది వరసలో నిలబడ్డ చోటు. నాలుగు వందల మంది ఒకేసారి నాలుగడుగులు ముందుకు వేస్తే ఎవరి చోటూ మారదు. అందరూ నడిచారు గాని, కాగితం మీద ఎవరూ నడవనట్టే ఉంటుంది. ఎవరో నలుగురు జ్వరం వచ్చి పరీక్ష రాయకపోతే, అక్షరం కొత్తగా నేర్చుకోకుండానే నాలుగు ర్యాంకులు కలిసివస్తాయి.

ఒక లెక్క చూద్దాం. ఇంజనీరింగు ఎప్‌సెట్ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఆ నమూనాలోనే కళాశాలలు వారం పరీక్షలు పెడుతుంటాయి. ఒక అమ్మాయికి ఆగస్టులో 58 మార్కులు, 290వ ర్యాంకు వచ్చాయనుకుందాం. డిసెంబరులో 84 మార్కులు, 296వ ర్యాంకు. ర్యాంకు చూసిన తండ్రి ఆరు మెట్లు దిగజారిందని కోప్పడతాడు. మార్కులు చూసిన తండ్రి 26 పెరిగాయని సంతోషిస్తాడు. ఇద్దరూ సగమే చూశారు. విడివిడిగా చూస్తే రసాయనశాస్త్రం 14 నుంచి 32కు, భౌతికశాస్త్రం 22 నుంచి 28కి చేరింది. గణితం 22 నుంచి 24 దగ్గరే ఆగింది.

ఆ 24 సంగతి ఇంకొంచెం లోతుగా చూడవలసి ఉంది. ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. ప్రశ్న చదవకుండా కళ్లు మూసుకుని గుండ్రాలు నింపినా నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే గణితంలో 80కి 20, మొత్తం పరీక్షలో 160కి 40 ఊరికే వచ్చే మార్కులు. (ఎస్సీ, ఎస్టీలు కానివారికి ఎప్‌సెట్ అర్హత మార్కులు కూడా ఆ 40యే!) ఈ లెక్కన చూస్తే ఆ అమ్మాయి గణితంలో ఆగస్టులోనూ ఏమీ నేర్చుకోలేదు, డిసెంబరులోనూ ఏమీ నేర్చుకోలేదు. నాలుగు నెలలు తరగతిలో కూర్చుని బోర్డు చూసి రాసుకుంటూనే ఉంది. ఎక్కడ తెగిందో, బహుశా పదో తరగతి బీజగణితం దగ్గరే తెగిందేమో, ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. చూడటానికి కావలసిన కాగితాలన్నీ కళాశాల కంప్యూటరులోనే ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఏ జవాబు గుర్తించిందో కూడా అందులో ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పరీక్షలకు కొదవ లేదు. మార్కుల లెక్కలకూ కొదవ లేదు. ఆ లెక్క ప్రధానంగా ఒక పనికి వాడుతున్నారు. పిల్లలను సెక్షన్లుగా విడగొట్టటానికి. ఎక్కువ మార్కులు వచ్చినవారు పై సెక్షనుకు, అక్కడికి మంచి లెక్చరర్లు. తక్కువ వచ్చినవారు కింది సెక్షనుకు, అక్కడికి కొత్తగా చేరినవారు. జబ్బు ఎక్కువైన రోగిని పెద్ద డాక్టరు దగ్గరి నుంచి కాంపౌండరు దగ్గరికి పంపినట్టుంది ఈ పద్ధతి. వేసవిలో పత్రికల నిండా వచ్చే ప్రకటనల్లోని ఫొటోలు పై సెక్షనువి. వాటిని చూసి పొలం మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన కుటుంబాల పిల్లలు ఎక్కువమంది కింది సెక్షన్లలో ఉంటారు.

ఎదుగుదలను కొలవటం పల్లె తల్లులకు తెలియని విద్య కాదు. అంగన్‌వాడీలో నెలనెలా బిడ్డను తూచి పటం మీద చుక్క పెడతారు. చుక్కలు కలిపితే గీత అవుతుంది. గీత పైకి పోతే బిడ్డ ఎదుగుతున్నట్టు, అడ్డంగా సాగితే ఆరోగ్యంగా కనిపించినా ఏదో లోపం ఉన్నట్టు. టీచరమ్మ అప్పుడు తిండి గురించి, జబ్బు గురించి అడుగుతుంది. వాడలో మీ పిల్లవాడు పదమూడో లావు అని ఏ అంగన్‌వాడీ టీచరూ చెప్పదు. పాలకేంద్రంలో కూడా ఇంతే. వెన్న శాతం తగ్గితే రైతు తన బర్రె మేత చూసుకుంటాడు గాని ఊళ్లో బర్రెలకు ర్యాంకులు వేయడు. బిడ్డకు ఆరేళ్లు దాటి బడి మెట్లు ఎక్కేసరికి ఈ తెలివి ఎటు పోతున్నదో!

అలాగని ఊరి సర్కారు బడి మెరుగని చెప్పటానికి వీలులేదు. కాగితం మీద చూస్తే అక్కడి ఏర్పాటు చక్కనిది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను పిల్లలను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. దాని ప్రకారమే ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు వచ్చాయి. పిల్లలు వాటిని ఎఫ్.ఎ., ఎస్.ఎ. అంటారు. 2022 ఆగస్టు 15 నుంచి ఒకటి నుంచి ఐదో తరగతి వరకు "తొలిమెట్టు" మొదలైంది. ముందుగా పరీక్షించి ఏ బిడ్డ ఏ స్థాయిలో ఉందో రాసుకోవాలి, అక్కడి నుంచి చెప్పాలి, తర్వాత మళ్లీ పరీక్షించి ఎంత ముందుకు వచ్చిందో చూడాలి. ఇంతకంటె మంచి ఆలోచన లేదు.

ఆచరణలో జరుగుతున్నది వేరు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో పరీక్ష పెట్టటం, దిద్దటం, పట్టికలు నింపటం, ఫోనులోని యాప్‌లో ఎక్కించటం పూర్తయ్యేసరికి వారాలు గడుస్తాయి. ఎక్కించిన అంకెలు మండలానికి, జిల్లాకు, రాజధానికి పోతాయి. పోయినవి తిరిగి తరగతి గదికి రావు. పదో తరగతిలో నాలుగు ఎఫ్.ఎ.ల సగటు 20 మార్కులు బడే వేస్తుంది కాబట్టి అందరికీ 19, 20 పంచుతున్నారన్న ఆరోపణ ఏళ్లుగా ఉంది. 2024 నవంబరులో ప్రభుత్వం ఆ అంతర్గత మార్కులను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించి, ఆ ఏడాదికి వద్దని వెంటనే వెనక్కు తగ్గింది కూడా. పిల్లవాడి లోపం తెలుసుకోవటానికి పెట్టిన పరీక్షలో అందరికీ ఇరవైకి ఇరవై వేస్తే ఆ పరీక్ష పెట్టకపోయినా ఒకటే. తొమ్మిది నెలలు "బాగున్నాడు" అనిపించుకున్న పిల్లవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటి వారం పరీక్షలో కూలబడుతున్నాడు.

అంకెలు సేకరించినంత మాత్రాన చదువు పెరగదని ఈ నేల మీదే తేలింది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ సర్కారు ప్రాథమిక పాఠశాలల మీద పెద్ద ఎత్తున అధ్యయనాలు చేశారు. వాటిలో ఒకటి 100 బడుల్లో జరిగింది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనుకబడ్డారో వివరంగా నివేదిక రాసి టీచర్లకు ఇచ్చారు. మధ్యమధ్య వచ్చి తరగతులు గమనించారు. గమనించేవారు కూర్చున్నప్పుడు టీచర్లు ఉత్సాహంగానే చెప్పారు. ఏడాది చివర పరీక్ష పెడితే, నివేదిక అందిన బడులకు, అందని బడులకు పిల్లల చదువులో తేడా లేదు. 2010లో అచ్చయిన ఆ అధ్యయనం విద్యాశాఖ పెద్దలకు తెలియనిదేమీ కాదు. అయినా కొత్త పథకం వచ్చిన ప్రతిసారీ మొదట తయారయ్యేది పట్టికే. పట్టిక చూసి మరునాడు పాఠం మార్చే తీరిక, మార్చే అధికారం, మార్చారా అని అడిగే మనిషి లేకపోతే అది బీరువాలో ఇంకో కాగితం.

దేశమంతటా పల్లెల్లో తిరిగి పిల్లల చేత చదివించి చూసే "అసర్" సర్వే 2024లో చెప్పినదాని ప్రకారం, సర్కారు బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 44.8 మంది. 2022లో 38.5 మంది. పెరగటం మంచిదే. ఆ సర్వేకు వాడేది ఒక్క కాగితం. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాలు, ఒక చిన్న కథ. ఆ పాటి పరీక్ష ఇంటి అరుగు మీద అమ్మ కూడా పెట్టవచ్చు. తమ్ముడికి ఇంటర్ చదివే అక్క పెట్టవచ్చు.

ఒక్క అంకెను నమ్ముకోవటం ఎంత ప్రమాదమో 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత అందరూ చూశారు. దాదాపు 3 లక్షల మంది తప్పారు. తెలుగులో సున్నా అని వచ్చిన ఒక విద్యార్థినికి మళ్లీ చూస్తే 99 అని తేలింది. తప్పిన వారందరి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించవలసి వచ్చింది, వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. రెండేళ్లలో వారు రాసిన పరీక్షలన్నిటి మార్కులు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ఏడాది పొడవునా 80, 90 తెచ్చుకున్న పిల్లకు సున్నా వస్తే తప్పు ఎక్కడుందో ఆ పాత మార్కులే చెప్పేవి. వాటిని పక్కన పెట్టుకుని చూసేవారు లేకపోయారు.

కళాశాలలు తమంతట తాము మారతాయని ఎదురుచూడటం అత్యాశ. తల్లిదండ్రులు అడిగితే కొంత మారవచ్చు. వారం ర్యాంకు బదులు నాలుగు వారాల సగటు మార్కులు, సబ్జెక్టు వారీగా అడగాలి. ఒక వారం ప్రశ్నపత్రం కష్టంగా ఉండవచ్చు, ఒక వారం తేలికగా ఉండవచ్చు, కాబట్టి ఒక్క పరీక్ష చూసి కోప్పడటం గాని మిఠాయి పంచటం గాని పనికిరాదు. తప్పు పోయిన ప్రశ్నల్లో అసలు రానివి ఎన్ని, వచ్చినా తొందరలో పోయినవి ఎన్ని, సమయం చాలక వదిలినవి ఎన్ని అని పిల్లవాణ్నే అడగాలి. మూడింటికి మందు వేరు. రానిదానికి లెక్చరరు కావాలి. తొందరకు అలవాటు కావాలి. సమయం చాలనిదానికి సాధన కావాలి. "ఈ నెలలో గణితంలో రెండు పాఠాలు, 24 నుంచి 32కు" అని లక్ష్యం పెట్టుకుంటే అది పిల్లకూ అర్థమవుతుంది, తండ్రికీ అర్థమవుతుంది. "నూరులోపు ర్యాంకు తేవాలి" అనే లక్ష్యం పిల్ల చేతిలో లేదు, మిగతా మూడు వందల మంది చేతిలో ఉంది.

ఊరి బడిలో కూడా ఇదే అడగవలసి ఉంది. 2024లో సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు మరమ్మతులు అవి చూశాయి. జూన్‌లో ఏ బిడ్డ ఎక్కడుంది, డిసెంబరుకు ఎక్కడికి వచ్చింది అన్న పట్టికను కూడా ఆ తల్లులు టీచర్లతో కూర్చుని చూడవచ్చు. మండల విద్యాధికారి బడికి వచ్చినప్పుడు రిజిస్టరు నిండిందా అని కాక, రిజిస్టరు చూసి ఏ పాఠం మళ్లీ చెప్పారో చూపమని అడగాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. టీచరు నిజమైన మార్కు వేస్తే తిట్లు, దొంగ మార్కు వేస్తే మెప్పు దొరికినంత కాలం ఏ రిజిస్టరులోనూ నిజం ఉండదు. మొదటి పరీక్షలో తక్కువ రావటం టీచరు నేరం కాదని పై అధికారులు ముందుగా ఒప్పుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ కళాశాలల్లో కొన్ని దిద్దిన జవాబుల కాగితాన్ని పిల్లలకు తిరిగి ఇస్తున్నాయి, కొన్ని ఇవ్వటం లేదు. ఇంటర్‌లో చేర్చేటప్పుడు హాస్టలు గది చూస్తారు, మెస్సులో పప్పు రుచి చూస్తారు, ఫీజులో వెయ్యి రూపాయలు తగ్గించమని గంటసేపు బతిమాలతారు. వారం పరీక్ష కాగితం తప్పులతో సహా బిడ్డ చేతికి ఇస్తారా లేదా అన్నది కూడా ఆ గంటలోనే, రసీదు మీద సంతకం కాకముందే అడిగి తేల్చుకోవచ్చు.