ఆబ్సెంట్ అంటే పాస్ కాదు

మార్కుల లిస్టులో ఎగ్జామ్‌కి రానివాడి పేరు పక్కన "ఆబ్సెంట్" అని వేస్తారు. పేరే కొట్టేసి "అందరూ పాస్" అంటే ఎవరూ ఒప్పుకోరు. సీ ప్రాజెక్టుల్లో టెస్టుల విషయానికొస్తే మాత్రం ఒప్పేసుకుంటున్నాం.

2018 ఫిబ్రవరి గుర్తుందా? అప్పటికి మనం స్కూల్లో ఉన్నాం. "జ్ఞ" తర్వాత కంటికి కనపడని ఒక కోడ్, దాని తర్వాత దీర్ఘం. ఈ వరుస మెసేజ్‌లో వస్తే చాలు, అప్పటి ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌లో యాప్ క్రాష్ అయ్యేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో ఆ బాధ తీరింది. అదే మెసేజ్ ఆండ్రాయిడ్‌లో మామూలుగానే తెరుచుకునేది. అక్షరం ఒకటే, దాన్ని అమర్చే కోడ్ వేరు. ఆపిల్‌లో ఆ పని కోర్‌టెక్స్ట్‌ది, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్‌ది. కాబట్టి లైనక్స్‌లో తెలుగు టెస్ట్ ఎన్నిసార్లు పాసైనా ఐఫోన్ గురించి అది ఏమీ చెప్పదు.

"ఏ ప్లాట్‌ఫామ్ టెస్ట్ అక్కడే నడవాలి కదా, ఇఫ్‌డెఫ్ పెడితే తప్పేంటి?" అంటారు. తప్పేం లేదు. కోర్‌టెక్స్ట్ హెడర్ లైనక్స్‌లో ఉండదు, మామూలు ఇఫ్ పెడితే కంపైలే అవ్వదు. నా గొడవంతా ఎల్స్ లేని ఇఫ్‌డెఫ్‌తోనే. ప్రీప్రాసెసర్ ఆ టెస్ట్‌ని తీసేస్తుంది. రిపోర్ట్‌లో దాని ఊసే ఉండదు, కింద మాత్రం "అన్నీ పాస్" అని పచ్చగా కనిపిస్తుంది. లోపల సెమీకోలన్ మర్చిపోయినా కంపైలర్ నోరెత్తదు.

దీనికి మందు చిన్నదే. ఎల్స్ భాగంలో టెస్ట్ ప్రోగ్రామ్ 77 కోడ్‌తో ఎగ్జిట్ అవ్వాలి. ఆటోమేక్, మెసాన్ రెండూ దాన్ని "స్కిప్"గా లెక్కేస్తాయి. అప్పుడు ఏ మెషీన్‌లో చూసినా టెస్టుల మొత్తం ఒకటే, ఆబ్సెంట్ ఎవరో తెలిసిపోతుంది. ఒకచోట స్కిప్ అయింది ఇంకోచోటైనా నడవాలి. అందుకోసం మ్యాక్ కొనక్కర్లేదు, పబ్లిక్ రెపో అయితే గిట్‌హబ్ యాక్షన్స్ మ్యాక్ మెషీన్‌ని ఫ్రీగానే ఇస్తుంది.

"తిరువూరులో చేసే మినీ ప్రాజెక్టుకి ఇంత అవసరమా?" ల్యాబ్‌లో విండోస్, రూమ్‌లో ఉబుంటు. 64 బిట్ విండోస్‌లో లాంగ్ 4 బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో 8. అంటే తేడా మన టేబుల్ మీదే ఉంది.

పైగా తెలుగు అక్షరాలకి టెస్టులు రాయడానికి మనకంటే దగ్గరివాళ్ళు ఎవరున్నారు? రాయండి. నడవనిచోట "నడవలేదు" అని చెప్పేలా రాయండి.