పెరటి పనికి సరైన ధర ఎంత?

ట్రేసీ, మౌంటెన్ హౌస్ వైపు కొత్త ఇల్లు కొన్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంటి ముందు కాస్త గడ్డి, నాలుగు మొక్కలు బిల్డరే పెట్టిస్తాడు. వెనక మాత్రం మూడు వైపులా కంచె కట్టి, మధ్యలో ఉత్త మట్టి వదిలి తాళాలు చేతికిస్తాడు. గృహప్రవేశం హడావుడి సద్దుమణగక ముందే చాలాచోట్ల హెచ్‌ఓఏ ఉత్తరం దిగుతుంది: నక్షా చూపించి అనుమతి తీసుకోండి, ఫలానా గడువులోగా పెరడు పూర్తిచేయండి అని. ఇక వాట్సాప్ గ్రూపుల్లో వెతుకులాట మొదలు. "పేవర్లకి అడుగుకి ఎంతిచ్చారు?" "మా వాడికి క్యాష్ ఇస్తే తగ్గిస్తాడు." "పదిళ్ల వాళ్లం కలిసి అడుగుదామా?" ఎండలు ముదిరేలోగా మొక్కలు వేళ్లూనుకోవాలన్న తొందర ఈ ఉగాది రోజుల్లో అందరిదీ. కాబట్టి ఈసారి సంపాదకీయం ఆ బేరం గురించే.

కాలిఫోర్నియాలో కూలీ, సామానూ కలిపి వెయ్యి డాలర్లూ ఆపైన అయ్యే నిర్మాణపు పని చేయాలంటే రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు దగ్గర లైసెన్సు తీసుకోవాలి. 2024 చివరిదాకా ఈ హద్దు 500 డాలర్లే. 2025 జనవరి నుంచి పెంచారు గానీ, పనికి పర్మిట్ అవసరమైనా, చేసేవాడు మరొకర్ని కూలికి పెట్టుకున్నా హద్దులోపు పనికున్న మినహాయింపు వర్తించదు. ల్యాండ్‌స్కేపింగ్‌కి ఇచ్చే లైసెన్సు పేరు సి-27. గడ్డి కోసి, ఆకులు ఊడ్చి, కొమ్మలు కత్తిరించి వెళ్లే తోటపనివాళ్లకు ఇది అక్కర్లేదు. అయితే పదిహేను అడుగులు దాటిన చెట్టు మీద కత్తి పెట్టాలంటే వాళ్లకూ లైసెన్సు కావాలి. డబ్బు తీసుకుని కలుపుమందు కొట్టాలన్నా పురుగుమందుల శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి.

సి-27 రావడానికి గత పదేళ్లలో నాలుగేళ్లు పూర్తిస్థాయి పనివాడిగా చేసిన అనుభవం చూపాలి. రెండు పరీక్షలు రాయాలి: ఒకటి చట్టం, వ్యాపారం మీద, రెండోది పని మీద. దరఖాస్తుకు 450 డాలర్లు, సొంతంగా చేసుకునేవాడైతే లైసెన్సుకు మరో 200. ఆపైన 25,000 డాలర్ల బాండు చూపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లు ఐటిన్ (పన్ను గుర్తింపు నంబరు)తో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇరవై ఏళ్లు మట్టిలోనే బతికినవాడికి మొక్కల పరీక్ష ఒక లెక్కా? చట్టం పేపరు కాస్త ఇబ్బందే. అసలు చిక్కు ఆ నాలుగేళ్ల అనుభవానికి సాక్ష్యం తేవడంలో ఉంది. బోర్డు కాగితాలు అడిగితే క్యాష్ కూలికి చేసిన పనికి పే స్టబ్ ఎక్కడుంటుంది? కాంట్రాక్టు కాగితం ఎక్కడుంటుంది? "క్యాష్ ఇస్తే ఎంత?" అని మనం అడిగిన ప్రతిసారీ అతనికి రేపు లైసెన్సు తెచ్చిపెట్టగల కాగితం ఒకటి పుట్టకుండా పోతోంది. ఆ తర్వాత, లైసెన్సు లేనివాళ్లను నమ్మలేమని మళ్లీ మనమే అంటాం.

ధర సంగతికొద్దాం. మనలో కన్సల్టింగ్ చేసినవాళ్లకు బిల్ రేటు వేరు, చేతికొచ్చేది వేరు అని తెలుసు. పేవర్లు పరిచే మనిషి విషయంలో మాత్రం ఆ తెలివి మరిచిపోతాం. రాష్ట్ర కనీస వేతనం 2025లో గంటకు 16.50 డాలర్లు. బే ఏరియా ఊళ్లు చాలావాటిలో అంతకన్నా ఎక్కువ, చేయి తిరిగిన పనివాడు ఆ ధరకు రాడు కూడా. దానిమీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని వాటా 7.65 శాతం, నిరుద్యోగ బీమా, పని ప్రమాదాల బీమా, ట్రక్కు, డీజిలు, తవ్విన మట్టి పారబోయడానికి డంప్ యార్డు రుసుము. ఇవన్నీ పెట్టుకున్నవాడి కోటూ, ఏదీ పెట్టుకోనివాడి కోటూ పక్కపక్కన పెట్టి "ఇంత తేడా ఏమిటి, దోచేస్తున్నాడు" అనడం అన్యాయం.

తక్కువ కోటుతో మనకేదో మిగిలిందనుకోవడమూ అంత నిజం కాదు. లైసెన్సు నంబరు బోర్డు సైటులో కొడితే పని ప్రమాదాల బీమా ఉందో లేదో కనబడుతుంది. అక్కడ "ఎగ్జెంప్ట్" అని ఉంటే, నా దగ్గర పనివాళ్లెవరూ లేరని ఆ కాంట్రాక్టరు రాసిచ్చాడన్నమాట. పొద్దున్నే మీ ఇంటి ముందు ట్రక్కులోంచి నలుగురు దిగితే ఆ మాట అబద్ధమని మీకే తెలుస్తుంది. లైసెన్సే లేనివాడి మనిషికి మీ పెరట్లో కాలు విరిగితే, అతనికి యజమాని మీరేనని తేలే ప్రమాదం ఉంది. అందరు కాంట్రాక్టర్లకూ ఈ బీమా 2026 నుంచి తప్పనిసరి చేద్దామని మొదట చట్టం చేసి, తర్వాత 2028కి జరిపారు. బాండు మీద కూడా భ్రమ వద్దు. ఆ 25,000 ఒక్క మీ ఇంటి కోసం పెట్టింది కాదు, ఎందరు ఫిర్యాదు చేసినా మొత్తం అంతే. కాంట్రాక్టరుకు పూర్తిగా డబ్బిచ్చేసినా, అతను పేవర్ల కొట్టుకు బాకీ పెడితే ఆ కొట్టువాడు మీ ఇంటి మీద లీన్ (బాకీ హక్కు) వేయొచ్చు. అందుకే చివరి చెక్కు ఇచ్చేముందు లీన్ విడుదల పత్రాలు అడిగి తీసుకోవాలి. ఇక అడ్వాన్స్: కాంట్రాక్టు మొత్తంలో పది శాతం, వెయ్యి డాలర్లు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతే. "సామానుకు సగం ముందివ్వండి" అనేవాడు ఎంత మర్యాదస్తుడైనా చట్టం దాటుతున్నాడు.

చిన్న కాంట్రాక్టర్లకు ఇది గడ్డుకాలం. 2021లో వచ్చిన చట్టం ప్రకారం 2024 మోడల్ నుంచి కొత్తగా అమ్మే గడ్డి మిషన్లు, బ్లోయర్లు పొగ లేనివే అయి ఉండాలి. పాతవి వాడుకోవచ్చు గానీ, పాడైతే మళ్లీ కొనాల్సింది బ్యాటరీదే. రోజంతా పనిచేయాలంటే ఒక్క బ్యాటరీ ఏమూలకు? పొగ సంగతీ తేలిగ్గా తీసిపారేసేది కాదు. కమర్షియల్ బ్లోయరు గంటసేపు నడిస్తే వచ్చే కాలుష్యం కారులో దాదాపు 1,100 మైళ్లు వెళ్లినదాంతో సమానమని రాష్ట్ర వాయు వనరుల బోర్డు లెక్క. చట్టం మంచిదే. దాని ఖర్చు మాత్రం ఎక్కువగా మోస్తున్నది బ్లోయరు భుజానికి తగిలించుకున్నవాడే. మరోవైపు, ఎవరూ కాలు పెట్టని అలంకారపు గడ్డికి తాగునీరు పెట్టకూడదన్న 2023 నాటి చట్టం 2029కల్లా హెచ్‌ఓఏల ఉమ్మడి స్థలాలకూ వర్తిస్తుంది. మన ఇళ్ల లాన్ల జోలికి రాదు గానీ, గడ్డి కోతే జీవనమైనవాళ్లకు పని తగ్గి, గడ్డి తీసి డ్రిప్ వేసేవాళ్లకు పెరుగుతుంది. ఆ రెండో పనికేమో సి-27 కావాలి! కనక లైసెన్సు గుమ్మం దాటలేనివాళ్లు ముందుముందు ఇంకా వెనకబడతారు.

మనవాళ్లందరూ అడిగే కరివేపాకు గురించి ఒక మాట. ఫ్రెండు పెరట్లోంచి తెచ్చిన మొక్క నాటనని కాంట్రాక్టరు అంటే అతన్ని విసుక్కోకండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. క్వారంటైన్ ఉన్న ప్రాంతాల్లో ఆ మొక్కల్ని ఇష్టం వచ్చినట్టు ఊళ్లు దాటించకూడదు. నర్సరీలో ట్యాగుతో అమ్మేదే కొనండి.

వచ్చే సంచిక నుంచి మన పత్రికలో ల్యాండ్‌స్కేపింగ్ ప్రకటన ఇచ్చేవాళ్లు లైసెన్సు నంబరు వేయాలని కార్యవర్గం నిర్ణయించింది. రాష్ట్ర చట్టం కోరేదీ అదే. లైసెన్సు లేకుండా చిన్న పనులు చేసేవాళ్లు కూడా ప్రకటన ఇవ్వొచ్చు, కాకపోతే "లైసెన్సు లేదు" అన్న మాట అందులో ఉండాలి. రెండు మూడు ప్రకటనలు పోతాయని మా కోశాధికారి బెంగ. పోతే పోనివ్వండి. వాటి బదులు, సి-27 దరఖాస్తు చేయాలనుకునే తోటపనివాళ్లు ఎవరైనా మీ ఇంటికి వస్తుంటే మాకు చెప్పండి. ఫారాలు నింపడంలో, చట్టం పేపరు చదివించడంలో సాయం చేస్తామని మన సభ్యుల్లో కొందరు ముందుకొచ్చారు. అతను మీ ఇంట్లో ఏ ఏడు ఏ పని చేశాడో మీరు ఇప్పటినుంచే రాసిపెట్టి, సంతకం చేసిస్తే సగం పని అయినట్టే.