మన జేబులోని ఫోను యాజమాన్యానికి మేస్త్రీ కారాదు!



హాజరు వేయడానికి ఒకప్పుడు గేటు దగ్గర పుస్తకం ఉండేది. తర్వాత వేలిముద్రల మిషన్ వచ్చింది. ఇప్పుడు ఒక మిల్లు యాజమాన్యం మన సొంత ఫోన్లలోనే హాజరు యాప్ వేసుకోమంటున్నది. వేయగానే అది లొకేషన్‌కు ఎల్లవేళలా అనుమతి ఇమ్మంటుంది. మేస్త్రీ పక్కనే నిలబడి "నొక్కవయ్యా, పాళీ మొదలవుతున్నది" అంటాడు. మనం నొక్కుతున్నాం. ఎనిమిది గంటలకు జీతమిచ్చేవాడికి ఇరవై నాలుగు గంటల జాడ ఎందుకు?

"ఉపగ్రహం ఆకాశం నుంచి చూస్తుంది, మనమేం చేయగలం" అని కొందరు సోదరులు నిట్టూరుస్తున్నారు. ఇది పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహం మనల్ని చూడదు. అది సమయం తెలిపే సంకేతం పంపుతుంది, అంతే. నాలుగైదు ఉపగ్రహాల సంకేతాలు అందుకొని తానెక్కడున్నదో ఫోనే లెక్క గడుతుంది. ఆ లెక్కను బయటికి మోసేది యాప్. అంటే ఇది నేలమీద ఒకడు చేయించే పని. చేయించేవాణ్ణి ఆపవచ్చు.

జీపీఎస్ లేకున్నా దారులున్నాయి. చుట్టుపక్కల ఏ వైఫై పెట్టెలు, ఏ టవర్లు తగులుతున్నాయో చూసి ఫోను జాడ చెప్పగలదు. ఇక ఏ వెబ్‌సైటు తెరిచినా ఐపీ అడ్రసనే నంబరు దానికి చేరి తీరుతుంది. జవాబు ఎక్కడికి పంపాలో దానికి తెలియాలి గదా! ఏ నంబర్లు ఏ ఊళ్లో వాడుతున్నారో రాసిపెట్టిన పట్టికలు అమ్మకానికి దొరుకుతాయి. దీనితో ఊరు తెలుస్తుంది, ఇల్లు తెలియదు. ఒక్కోసారి ఊరు కూడా తప్పే చూపిస్తుంది. కాని మన బ్రౌజరు ఏ భాషలో ఉన్నదో కూడా వెబ్‌సైటుకు చెబుతుంది. ఊరు షోలాపూర్, భాష తెలుగు. ఈ రెండూ కలిస్తే మనమెవరమో ఊహించడం కష్టమా?

ఆపేశాం గదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. లొకేషన్ హిస్టరీ ఆపినా గూగుల్ జాడలు దాచుకుంటున్నదని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. 2022 నవంబరులో ఆ కంపెనీ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది.

మన దేశంలో సంగతేమిటి? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2023లో, పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. అందులో 7వ సెక్షన్ చూడండి. ఉద్యోగ అవసరాలకూ, యజమానికి నష్టం రాకుండా కాపాడడానికీ కార్మికుడి సమ్మతి అక్కర్లేదట! కోర్టు ఇచ్చిన హక్కు మిల్లు గేటు దగ్గర ఆగిపోయింది. యజమాని నష్టం చట్టానికి కనబడింది, మన నష్టం కనబడలేదు.

"తప్పు చేయనివాడికి భయమేమిటి?" అంటారు. సరే, యాజమాన్యం కూడా తప్పు చేయలేదు గదా, లెక్కల పుస్తకాలు మన ముందు తెరవమనండి. ఆదివారం యూనియన్ మీటింగుకు ఎవరు వచ్చారు, ఎవరింట్లో నలుగురు కూడారు, ఎవరు వేరే మిల్లులో పని అడగబోయారు, ఇదంతా ఆ యాప్ తెలియజేయగలదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ ఆర్టికల్‌లో ఉన్నది. సంఘానికి వెళ్లే దారి మొత్తం యజమానికి కనబడుతుంటే ఆ హక్కు ఏ పాటిది?

మన తప్పూ ఉన్నది. ఉత్త టార్చిలైటు యాప్ అడిగినా లొకేషన్ ఇచ్చేస్తున్నాం. ఫోను సెట్టింగులలో ఒక్కొక్క యాప్‌కు "వాడుతున్నప్పుడు మాత్రమే" అనో, అసలు వద్దనో పెట్టవచ్చు; ఖచ్చితమైన స్థానం ఇవ్వకుండానూ ఆపవచ్చు. వీపీఎన్ వేస్తే ఐపీ అడ్రసు వెబ్‌సైటుకు కనబడదు, కాని వీపీఎన్ నడిపేవాడికి కనబడుతుంది. పైగా జీపీఎస్‌కు అనుమతిచ్చిన యాప్ దగ్గర అది పనికిరాదు. ఇన్‌కాగ్నిటో అయితే ఐపీని దాచనే దాచదు.

హాజరు యంత్రం గేటు దగ్గర పెట్టాలి, యాజమాన్యం ఖర్చుతో. యాప్ తప్పదంటే హాజరు వేసే క్షణంలోనే జాడ తీసుకోవాలి. పాళీ దిగాక తీసుకోరాదు. ఆ రికార్డు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా ఒప్పందం కావాలి. సమ్మతి పత్రం మీద ఒంటరిగా సంతకం పెట్టకండి. కాగితం పట్టుకొని యూనియన్ ఆఫీసుకు రండి. ఏ మిల్లులో ఏ యాప్ ఏమేమి అడుగుతున్నదో రాసుకుంటున్నాం. ఆ పట్టికతోనే యాజమాన్యాల ముందు కూర్చుంటాం.